కారు ఆపాక కాలిన వాసన: క్లచ్ సెట్టు మార్చే ముందు ఇవి చూడండి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. 2021 మోడల్ డీజిల్ కారు. భీమవరం నుంచి పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి మీదుగా రాజోలు దగ్గర మీ ఊరికి వచ్చి ఇంటి ముందు ఆపగానే ముందు ఎడమవైపు నుంచి కాలిన వాసన వచ్చింది. కాసేపటికి తగ్గింది. మర్నాడు బజారుకి వెళ్ళొస్తే మళ్ళీ వచ్చింది. మీటర్లో లైట్లేవీ వెలగలేదు, ఇంజిన్ వేడి మామూలుగానే ఉంది. దారి పొడవునా దాళ్వా (రెండో పంట) వరి కోతలు, రోడ్డు మీదంతా గడ్డి. బండి కొంచెం ఎడమకి లాగుతున్నట్టు కూడా అనిపించిందన్నారు. మెకానిక్ బానెట్ ఎత్తి వాసన చూసి, క్లచ్ పోయింది, సెట్టు మొత్తం మార్చాలి, 18 వేలవుతుంది అన్నాడు. పిల్లల్ని ఎక్కించాలంటే భయంగా ఉంది, ఏం చెయ్యమంటారని అడిగారు.

క్లచ్ ఇప్పుడే విప్పించకండి. అది మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. చాలా పని, చాలా ఖర్చు. అంతా అయ్యాక కూడా ఈ వాసన వచ్చే అవకాశం ఉంది, ఎందుకంటే మీరు చెప్పిన లక్షణాలు క్లచ్‌కి పెద్దగా సరిపోవడం లేదండీ. అలాగని మీ మెకానిక్ ఏదో మోసం చేస్తున్నాడని నేను అనుకోవడం లేదు. క్లచ్ ప్లేటు మీదా బ్రేక్ ప్యాడ్ల మీదా ఉండేది దాదాపు ఒకే తరహా రాపిడి పదార్థం. కాలితే రెండూ ఒకేలా ఘాటుగా ముక్కుకి తగులుతాయి. పైగా చాలా కార్లలో గేర్‌బాక్సు ఇంజిన్‌కి ఎడమవైపు ఉంటుంది, దాని పక్కనే ఎడమ ముందు చక్రం. బానెట్ ఎత్తి నిలబడ్డ మనిషికి ఆ రెండిట్లో ఏది కాలుతోందో వాసనని బట్టి తెలియదు. కింద పడుకుని చూడాలి, చక్రం తిప్పి చూడాలి. ఆ రెండూ జరిగినట్టు మీరు రాయలేదు.

నేనైతే మొదట బండి కింద చూస్తాను. కోతల రోజుల్లో మా వర్క్‌షాపుకి కాలిన వాసన అని వచ్చే బండ్లలో చాలావాటికి కారణం గడ్డే. సార్వా కోతలప్పుడు నవంబరు, డిసెంబరుల్లో, దాళ్వా కోతలప్పుడు ఏప్రిల్లో ఇది మామూలు. రోడ్డుకి ఒక పక్క ధాన్యం ఆరబోసి ఉంటుంది, ఎదురుగా లారీ వస్తే మనం గడ్డి పరిచిన పక్కకి దిగక తప్పదు. ట్రాక్టర్ల మీద పోయే గడ్డి కట్టల నుంచి రాలిందంతా కూడా రోడ్డు మీదే ఉంటుంది. మీదుగా వెళ్ళినప్పుడు ఆ గడ్డి రెండు చోట్ల ఇరుక్కుంటుంది.

ఒకటి, సైలెన్సర్ గొట్టానికీ దాని మీదుండే రేకు కవచానికీ మధ్య సందు. పై నుంచి కనపడదు, బండి పక్కన వంగి చూసినా కనపడదు. టార్చి పట్టుకుని గొట్టం పొడవునా చూడాలి. నల్లగా మాడిన పోచలు, కొసలు మాత్రం ఇంకా పసుపుగా, కనిపిస్తాయి. ఇంజిన్ దగ్గరుండే, పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా నడిచిన బండిలో 400 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఎండుగడ్డి మాడటానికి అంత వేడి కూడా అక్కర్లేదు. బండి పరుగులో ఉన్నంతసేపూ గాలి తగిలి వాసన వెనక్కి పోతుంది, ఆపగానే పైకి లేస్తుంది. మీకు ఇంటి ముందు ఆపాకే తెలిసిందంటే అందులో వింతేమీ లేదు.

రెండోది, ఇంజిన్ నుంచి చక్రానికి వెళ్ళే డ్రైవ్ షాఫ్టు. దాని చుట్టూ గడ్డి చుట్టుకుపోయి, తిరిగినకొద్దీ బిగుసుకుని గట్టి కట్టలా తయారవుతుంది. చేత్తో లాగితే రాదు, కత్తెరతో కొంచెం కొంచెంగా కత్తిరించి తియ్యాలి. బ్లేడు వాడొద్దు, పక్కనే షాఫ్టు కీలుని కప్పే రబ్బరు తొడుగు (బూటు) తెగుతుంది. అక్కడ గడ్డి అలాగే వదిలేస్తే గేర్‌బాక్సు దగ్గరున్న ఆయిల్ సీలు మీదకి ఒత్తుకుంటూ పోయి సీలుని పాడు చేస్తుంది. అప్పుడు గేర్ ఆయిల్ కారడం మొదలవుతుంది, ఆ ఆయిలు వేడి గొట్టం మీద పడితే అదింకో వాసన. బూటు చిరిగినా అంతే, లోపలి గ్రీజు చక్రం తిరిగే వేగానికి చుట్టూ చిమ్ముతుంది. కాబట్టి గడ్డి తీశాక బూటు మడతలు విప్పి చూడండి, సీలు చుట్టూ తడి ఉందేమో వేలితో తడిమి చూడండి.

గడ్డితో పాటు ఇంకో రెండు చూస్తుంటాం. ధాన్యం మీద కప్పే బరకం ముక్కలు, ఎరువుల సంచుల పీలికలు సైలెన్సర్‌కి తగిలి కరిగి అంటుకుపోతాయి. ఇది ప్లాస్టిక్ కాలిన వాసన, బండి వేడెక్కిన ప్రతిసారీ వస్తుంది, ఆ ముక్క పూర్తిగా మాడిపోయేదాకా వదలదు. చల్లారాక చెక్కముక్కతో గోకి తీసెయ్యొచ్చు. అంబాజీపేట వైపు తిరిగే బండ్లకి కొబ్బరి పీచు ఇలాగే చుట్టుకుంటుంది. గడ్డి కంటే పీచు మొండిది, పోగులు తెగవు. ఓపిగ్గా తియ్యాలి.

కింద చూడటానికి బండి పూర్తిగా చల్లారాలి. ఉట్టి జాకీ మీద ఎత్తి కిందకి దూరొద్దు, అది జారితే ప్రాణానికే ముప్పు. స్టాండులు లేకపోతే సర్వీసు సెంటర్లో ర్యాంపు ఎక్కించండి. వాటర్ వాష్ చేసేచోట లిఫ్టు మీద బండి ఎత్తినప్పుడు అడిగినా ఐదు నిమిషాలు టార్చి వేసి చూడనిస్తారు. ఇంజిన్ కింద ప్లాస్టిక్ కవరు ఉంటే దాన్ని విప్పించి మరీ చూడండి, ఎక్కువ చెత్త అందులోనే దాక్కుంటుంది.

ఇక బండి ఎడమకి లాగుతోందన్నారు కదా, నా అనుమానం గడ్డి తర్వాత, లేదా గడ్డితో పాటు, బ్రేకు మీద ఉంది. ఎడమ ముందు బ్రేకు పూర్తిగా వదలకపోతే ఈ మూడూ కలిసే వస్తాయి: ఒక పక్కకి లాగడం, ఒక చక్రం దగ్గరే వాసన, మైలేజీ తగ్గడం. మూడోది మీరు రాయలేదు, ఒకసారి గమనించండి.

దీన్ని మీరే తేల్చుకోవచ్చు. ఖాళీగా ఉన్న రోడ్డు మీద బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ ఓ పది కిలోమీటర్లు నడపండి. ఆపేటప్పుడు కూడా గేర్లు తగ్గించుకుంటూ మెల్లగా ఆపండి. దిగి, చక్రాన్ని ముట్టుకోకుండా అరచెయ్యి కొంచెం దూరంలో పెట్టి నాలుగు చక్రాల దగ్గరా వేడి చూడండి. ముందు చక్రాలు వెనకవాటి కంటే వేడిగా ఉండటం మామూలే. ముందరి ఎడమకీ కుడికీ మధ్య తేడా ఉందా అన్నదే చూడాల్సింది. కుడిది గోరువెచ్చగా ఉండి ఎడమది సెగ కొడుతుంటే మీకు జవాబు దొరికినట్టే. కరోనా రోజుల్లో కొన్న జ్వరం చూసే గన్ దీనికి పనికిరాదు, అది ఒంటి వేడి వరకే చూపిస్తుంది. వర్క్‌షాపుల్లో వాడే రకం వేరే ఉంటుంది, మీ మెకానిక్ దగ్గర ఉంటే దాంతో చక్రంతో పాటు తిరిగే బ్రేకు డిస్కు మీదే చూడమనండి. వేడిగా ఉందని నీళ్ళు మాత్రం కొట్టొద్దు, డిస్కు వంకర పోతుంది.

చక్రం వేడిగా ఉందని తేలితే ఎందుకు పట్టేస్తోందో కనుక్కోవాలి. ఇక్కడ మెకానిక్ చెయ్యాల్సిన పరీక్ష ఒకటుంది. మీరు పక్కనే ఉండి చేయించండి. బ్రేకు పట్టేసి ఉన్నప్పుడు బండి ఎత్తి చక్రం చేత్తో తిప్పాలి. కొంచెం గీసుకున్న శబ్దం వస్తూ తిరిగితే మామూలు. తిరగనంటే క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) మీదుండే బ్లీడర్ స్క్రూ, అంటే బ్రేక్ ఆయిల్ బయటికి వదిలే స్క్రూ, కొంచెం వదులు చెయ్యాలి. ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే వదులైతే తప్పు క్యాలిపర్‌ది కాదు. రబ్బరు హోస్ పైపు లోపల ఉబ్బి ఆయిల్‌ని వెనక్కి పోనివ్వడం లేదన్నమాట, లేదా పైన, పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ దగ్గర ఒత్తిడి నిలిచిపోతోంది. స్క్రూ వదిలినా చక్రం కదలకపోతే క్యాలిపర్ లోపలి పిస్టన్ పట్టేసింది, లేకపోతే క్యాలిపర్ జారే పిన్నులు పట్టేశాయి. ఈ చిన్న పరీక్ష చెయ్యకుండా కొత్త క్యాలిపర్ వెయ్యడం, అది వేశాక కూడా బ్రేకు పట్టేయడం నేను చూస్తూనే ఉన్నాను.

మన వైపు ఎక్కువగా పోయేవి ఆ పిన్నులే. రాజోలు, సఖినేటిపల్లి, అంతర్వేది, నరసాపురం చుట్టూ ఉప్పుగాలి. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండికి ఆ బురద కూడా ఉప్పుదే. పిన్ను మీదుండే రబ్బరు తొడుగు ఎక్కడో చిన్నగా చిరిగితే చాలు, తేమ లోపలికి పోయి తుప్పు పడుతుంది. క్యాలిపర్ ముందుకి జారుతుంది కానీ వెనక్కి రాదు. ప్యాడ్లు విప్పి పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది: ఒకటి అరిగి పల్చబడి ఉంటుంది, ఇంకోటి మందంగా ఉంటుంది. రెండూ ఒకేలా అరిగి ఉంటే పిన్నులు బాగానే ఉన్నట్టు.

బాగుచెయ్యడం కష్టం కాదు. పిన్నులు తీసి, బ్రేక్ క్లీనర్‌తో పాత గ్రీజూ తుప్పూ తుడిచి, గుంతలు పడకుండా ఉంటే మళ్ళీ వాడొచ్చు. గుంతలు పడితే కొత్త పిన్నులు, తొడుగులు వేయించండి. ఒక్కటి గట్టిగా చెప్తాను. బేరింగులకి పూసే మామూలు గ్రీజు ఇక్కడ పూయనివ్వకండి. దాంతో రబ్బరు ఉబ్బిపోతుంది, కొన్నాళ్ళకి పిన్ను మళ్ళీ పట్టేస్తుంది. వేడికి తట్టుకునే సిలికాన్ బ్రేక్ గ్రీజు చిన్న ట్యూబు దొరుకుతుంది, అదే వాడమనండి. ప్యాడ్లు కాలి పైపొర గాజులా మెరుస్తుంటే ముందు రెండు వైపులా కలిపి మార్చాలి, ఒక్క వైపే మారిస్తే బండి మళ్ళీ లాగుతుంది. ఇదంతా కలిపినా క్లచ్ సెట్టు ఖర్చులో చిన్న వంతు.

బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో కూడా చూడండి. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన దగ్గర తేమకి కొదవ లేదు. డాట్-4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ అంకె 155కి పడిపోవచ్చు. పట్టేసిన బ్రేకు వేడికి ఆయిల్ మరిగితే బుడగలు వచ్చి పెడల్ నేలకి ఆనుతుంది, బ్రేకు పడదు. వాసన దగ్గర మొదలైంది అక్కడిదాకా పోవచ్చు కాబట్టే బ్రేకు సంగతి తేలేదాకా పిల్లల్ని ఎక్కించుకుని దూరం వెళ్ళొద్దంటున్నాను. రెండేళ్ళకోసారి ఆయిల్ మార్పించడం మంచిది.

మీ మెకానిక్ చెప్పిన క్లచ్ సంగతి కూడా పరీక్షించకుండా కొట్టిపారెయ్యొద్దు. డెల్టా అంతా బల్లపరుపు నేల, క్లచ్ మీద భారం పడే చోట్లు తక్కువ. ఏటిగట్టు ఎక్కేటప్పుడు, కాలవ గట్టు మీద ఇరుకులో రివర్స్ చేసేటప్పుడు, నరసాపురం రేవులో పంటు (బండ్లని దాటించే పడవ) ఎక్కించేటప్పుడు, పండక్కి వచ్చే బండ్లతో రావులపాలెం దగ్గర ఆగి ఆగి వెళ్ళేటప్పుడు హాఫ్ క్లచ్ మీద నడుపుతాం. క్లచ్ వాసన అప్పటికప్పుడే వస్తుంది, కొద్దిసేపట్లో పోతుంది. మీలా సాఫీగా వచ్చి ఆపాక రావడం అరుదు. పరీక్ష తేలిక. చించినాడ వంతెన ఎక్కేటప్పుడు నాలుగో గేర్లో 50 వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కండి. ఇంజిన్ శబ్దం పెరిగి, బండి వేగం దాంతో పాటు పెరగకపోతే క్లచ్ జారుతోంది. అప్పుడు మెకానిక్ మాటే నిజం, మార్పించెయ్యండి. శబ్దంతో పాటు బండీ లాగితే క్లచ్ ఇంకా బాగానే ఉంది. ఈ పరీక్ష ఒకట్రెండుసార్లు చాలు, పదే పదే చేస్తే బాగున్న ప్లేటు కూడా కాలుతుంది.

మీది 2021 డీజిల్ కాబట్టి ఇంకోటి తెలిసి ఉండాలి. 2020 ఏప్రిల్ నుంచి అమ్మిన బీఎస్-6 (కాలుష్య నిబంధనల) డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. అది నిండాక బండి తనంతట తనే ఆ మసిని కాల్చేసుకుంటుంది. ఆ సమయంలో ఫిల్టరు 600 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. బండి ఆపినా ఫ్యాను పెద్ద శబ్దంతో తిరుగుతూ ఉంటుంది, కింద నుంచి ఇనుము కాగిన ఘాటు వాసన వస్తుంది. ఇది జబ్బు కాదు. మీకు వాసన వచ్చిన రోజున ఫ్యాను అలా తిరిగిందేమో గుర్తు తెచ్చుకోండి. ఊళ్ళో కిలోమీటరు, రెండు కిలోమీటర్లు మాత్రమే తిప్పే బండికి ఆ కాల్చుడు మధ్యలో ఆగిపోతూ ఉంటుంది. డీపీఎఫ్ లైటు వెలిగితే తణుకు వైపు హైవే ఎక్కి ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడిపితే సాధారణంగా ఆరిపోతుంది, అయినా మీ బండి పుస్తకంలో ఏం రాశారో ఒకసారి చూసుకోండి. ఆ వేడి మీద ఉన్నప్పుడు గడ్డి పరిచిన చోట, కళ్ళంలో, గడ్డివాము పక్కన బండి నిలపొద్దు. గడ్డి ఇరుక్కున్న బండిలో డీపీఎఫ్ కాల్చుడు మొదలైతే వాసనతో ఆగదు, మంటే లేవచ్చు. కోతల రోజుల్లో రోజూ సాయంత్రం ఒకసారి కింద టార్చి వేసి చూడమని మా దగ్గరికొచ్చే డీజిల్ కార్ల వాళ్ళందరికీ చెప్తున్నాను.

మిగతా కారణాలు మీకు సరిపోయేలా లేవు, అయినా క్లుప్తంగా రాస్తున్నాను. ఇంజిన్ ఆయిల్ కాలితే నూనె మాడిన వాసన, బానెట్ సందుల్లోంచి నీలం పొగ వస్తాయి. ఎక్కువగా ఇంజిన్ మీదుండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర కారుతుంది. ఈమధ్యే సర్వీసు చేయించి ఉంటే ఫిల్టరు మార్చేటప్పుడు ఒలికిన ఆయిల్ కావచ్చు, రెండు మూడు రోజుల్లో పోతుంది. వానాకాలం ముందు తుప్పు పట్టకుండా కింద కోటింగ్ వేయించేవాళ్ళకి ఆ మందు సైలెన్సర్ మీద పడి కొన్నాళ్ళు వాసన కొడుతుంది, అదీ పోతుంది. తియ్యటి వాసన వస్తే కూలెంట్ కారుతోంది. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తియ్యకండి, మరిగే నీళ్ళు ముఖాన పడతాయి. రబ్బరు కాలిన వాసనకి కీచుమని శబ్దం తోడైతే ఫ్యాన్ బెల్టు చూడండి. మారేడుమిల్లి ఘాట్ దిగాక నాలుగు చక్రాలూ వాసన కొడితే కాసేపు ఆగి చల్లారనివ్వండి, ఈసారి తక్కువ గేర్లో దిగండి.

వైరు కాలిన వాసన మాత్రం వేరు. కరెంటు వైరు పైతొడుగు మాడిన వాసన డ్యాష్‌బోర్డు లోంచి గానీ ఇంజిన్ దగ్గర గానీ వస్తే ఇంటిదాకా వెళ్దాం అనుకోకండి. కోతలయ్యాక పొలాల్లో ఎలుకలకి తిండి తగ్గి ఇళ్ళ మీదకి వస్తాయి, వెచ్చగా ఉంటుందని ఇంజిన్ మీద గూడు పెడతాయి, వైర్లు కొరుకుతాయి. బ్యాటరీ పక్కన గడ్డిపోచలు, గుడ్డపీలికలు, ఎలుక పెంటికలు కనిపిస్తే ఎలక్ట్రీషియన్‌తో వైరింగ్ అంతా చూపించండి. ఎలుకలు రాకుండా పొగాకు ఆకులు పెట్టడం కొందరికి అలవాటు. ఎండితే అవి కూడా మండేవే, వేడి గొట్టాల దగ్గర పెట్టకండి. తర్వాత వేయించిన లైట్లు, హారన్లు, స్టీరియోల వైర్లు రిలే, ఫ్యూజ్ లేకుండా నేరుగా అతికించి ఉంటే ముందు వాటిని తీయించండి. ఎగిరిన ఫ్యూజ్ బదులు పెద్ద ఆంపియర్లది వెయ్యడం, వైరు ముక్క చుట్టడం ఎవరినీ చెయ్యనివ్వకండి. ఫ్యూజ్ కాలకపోతే వైరే కాలుతుంది.

పొగ కనిపిస్తే బండి పక్కకి తీసి, ఇంజిన్ ఆపి, ముందు పిల్లల్ని దించి దూరంగా పంపండి. బానెట్ పూర్తిగా ఎత్తొద్దు, గాలి తగిలితే లోపలి మంట పెరుగుతుంది. బండిలో మంటలార్పే చిన్న పౌడరు సిలిండరు ఉంటే బానెట్ లాకు మాత్రం వదిలి, ఆ సన్న సందులోంచి కొట్టండి. మంట పెద్దదైతే ఆర్పాలని చూడకుండా దూరం జరిగి 101కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి. ఆ సిలిండరు డిక్కీలో సామాన్ల కింద కాకుండా డ్రైవరు సీటు దగ్గర చేతికి అందేలా పెట్టుకోండి.

రేపు పొద్దున బండి చల్లగా ఉండగా కింద చూడండి, తర్వాత చక్రాల వేడి పరీక్ష చెయ్యండి. ఏమేం దొరికాయో, ఎడమ కుడి చక్రాల మధ్య తేడా ఎంత ఉందో, ప్యాడ్లు విప్పితే ఎలా అరిగాయో ఇక్కడే రాయండి, వీలైతే ఫోటోలు కూడా పెట్టండి. అది చూశాక మీ మెకానిక్‌తో ఏం మాట్లాడాలో చెప్తాను.